పొదుగు పెట్టల ఎంపిక, పోషణ – ఒకే తేదీన పొదగవేయుట వలన లాభములు

'పొదుగు' అన్న మాట వినగానే మన పాల సంఘముల సభ్యులకు గుర్తుకు వచ్చునది ఆవు పొదుగు, గేదె పొదుగు. మేము ఈ వ్యాసములో చెప్పబోవునది ఆ పొదుగును గురించి కాదు. గుడ్ల మీద కూర్చుని పిల్లలను చేసే కోడిపెట్ట పొదుగును గురించి. అయితే ఈ రెంటికీ లోలోపల ఒక చుట్టరికము కలదు. ఆవు పొదుగులో పాలు తయారగుటకు తోడ్పడు ప్రొలాక్టిన్ అను హార్మోనే కోడిపెట్ట రక్తములో పెరిగినప్పుడు, అది గుడ్లు పెట్టుట మాని గుడ్ల మీద కూర్చుండును. కావున పాల సంఘముల పత్రికలో కోళ్ళ ముచ్చట ఏమిటని ఎవరైనా అడిగినచో మాకు ఈ ఒక్క సమాధానము చాలును.

మరొక కారణము కూడ ఉన్నది. మేము తనిఖీకి వెళ్ళు సంఘములలో పాల బిల్లు చాలా ఇళ్ళలో ఇంటి యజమాని పేరు మీదనే పడుచున్నది. గుడ్ల డబ్బు, కోడిపిల్లల డబ్బు మాత్రము ఆడవారి చేతిలోనిది. పిల్లవాని పలకకు, పుస్తకములకు, పండుగకు పుట్టింటికి పోవు బస్సు ఛార్జీకి అదే ఆధారము. అట్టి డబ్బు ఏటేటా ఎక్కడ పోవుచున్నదో ఆలోచించవలసిన బాధ్యత సంఘమునకు కలదని మా అభిప్రాయము.

కిందటి సంవత్సరము మార్గశిర మాసములో ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతములోని ఒక సంఘమునకు లెక్కల తనిఖీకి వెళ్ళినాము. సాయంకాలము పాలు పోయుటకు వచ్చిన ఒక అమ్మ, పాలు పోసిన పిమ్మట కూడ అక్కడే నిలబడినది. ఏమమ్మా అని అడిగినాము.

"మూడు పెట్టల్ని కూర్చోబెట్టాను అయ్యగారూ. ముప్ఫై ఒక్క పిల్లలైనాయి. నెల తిరక్కుండానే ఇరవై ఏడు పోయినయ్. మెడలు వంకర తిరిగి, పచ్చగా పారుకుని, నా కళ్ళముందే పోయినయ్" అన్నది.

అది కొక్కెర తెగులని ఆమెకు తెలుసును. దానికి టీకా ఉన్నదనియు తెలుసును. పిల్లలు అయిన వారములోనే పశువుల ఆసుపత్రికి కూడ వెళ్ళినదట. అయితే టీకా మందు ఒక్కొక్క సీసాలో నూరు కోళ్ళకు, కొన్ని సీసాలలో అంతకు మించి ఉండును. సీసా విప్పి కలిపిన మందును గంట రెండు గంటలలోగా వాడవలెను, మిగిలినది పారబోయవలెను. "నీ ముప్ఫై పిల్లల కోసం సీసా విప్పితే మిగతాది నేలపాలమ్మా, నలుగురూ కలిసి రండి అన్నారు. నలుగురినీ ఎక్కడ తెచ్చేది? మా వీధిలో మిగతావాళ్ళ పెట్టలు అప్పటికింకా గుడ్లమీదనే ఉన్నయ్. కొంతమందివి కూర్చోనే లేదు" అన్నది ఆ అమ్మ.

ఆసుపత్రి వారు చెప్పినది తప్పు కాదు. ఆ అమ్మ చేసినదీ తప్పు కాదు. తప్పు ఎక్కడ ఉన్నదనగా, ఊరిలో ఎవరి పెట్ట ఎప్పుడు పొదుగుకు వచ్చిన అప్పుడు ఎవరికి వారు పొదగవేయుటలో ఉన్నది. పది మంది సభ్యుల పెట్టలు ఒకే రాత్రి గుడ్ల మీద కూర్చున్నచో, ఇరువది ఒక్క రోజులకు పది ఇళ్ళలోను ఒకేసారి పిల్లలగును. ఒక్క సీసాతో అన్నిటికీ టీకా పడును. పాలు కలిపి అమ్ముకొనుటకు సంఘము పెట్టుకున్న మనకు ఇది చేతకాని పని కాదు. కాని దానికి ముందు ఏ పెట్టను కూర్చుండబెట్టవలెనో, ఏ పెట్టను లేపివేయవలెనో తెలిసి యుండవలెను.

ప్రతి పెట్టనూ కూర్చుండబెట్టరాదు

మన నాటు పెట్ట ఒక ఈడుకు పన్నెండు మొదలు పదిహేను గుడ్ల వరకు పెట్టి పొదుగుకు వచ్చును. గుడ్లు పెట్టుటకు సుమారు మూడు వారములు, పొదుగుటకు మూడు వారములు, పిల్లలను వెంట త్రిప్పుటకు రెండున్నర మూడు నెలలు. అనగా ఒక్కొక్క ఈడుకు నాలుగు నెలలు. ఈ లెక్కన సంవత్సరమునకు మూడు ఈడులు, నలుబది గుడ్లకు కొంచెము అటు ఇటు. ఇంటిలో నాలుగు పెట్టలు ఉండి నాలుగూ పొదుగునకే కూర్చున్నచో ఆ ఇంట వండుకొనుటకు గాని, అమ్ముకొనుటకు గాని గుడ్డు మిగలదు. పిల్లలలో సగమునకు పైగా గద్దలకు, పిల్లులకు, తెగుళ్ళకు పోయినచో, ఆ గుడ్లను అంగడిలో అమ్ముకొన్నను అంతకంటె ఎక్కువే వచ్చెడిది గదా అని ఇల్లాలు బాధపడుటలో అబద్ధము లేదు.

అందుచేత నాలుగు పెట్టలలో ఒకటి లేక రెండింటినే తల్లులుగా ఎన్నుకొనవలెను. మిగిలినవాని పొదుగు మాన్పించినచో రెండు మూడు వారములలో మరల గుడ్లకు వచ్చును.

తల్లి పెట్టను ఎన్నుకొను విధము

మొదటి ఈడు పెట్టను, అనగా ఇంకా పిల్లలను చేసి ఎరుగని దానిని, సాధ్యమైనంత వరకు నమ్మరాదు. కొన్ని చక్కగానే కూర్చుండును గాని చాలా వరకు పది పన్నెండవ రోజున లేచిపోవును. రెండవ ఈడు మొదలు మూడేండ్ల వయసు వరకు గల పెట్ట మంచిది. పెట్ట బరువు కిలోకు పైన, కిలోన్నర లోపల ఉన్నచో పది పన్నెండు గుడ్లను ఒంటి క్రింద కప్పగలదు. రెక్కల ఈకలు, రొమ్ము ఈకలు దట్టముగా ఉండవలెను. కాళ్ళ మీద పొలుసులు లేచి పెచ్చులు కట్టిన పెట్ట పనికిరాదు. ఆ పొలుసుల క్రింద ఉండు సూక్ష్మమైన పురుగులు పిల్లల కాళ్ళకు కూడ పట్టును.

రొమ్ము ఎముకను చేతితో తడిమి చూడవలెను. ఎముక కత్తి అంచువలె తగిలినచో ఆ పెట్ట అప్పటికే చిక్కి యున్నదని అర్థము. పొదుగు పెట్ట రోజుకు ఒక్కమారు మాత్రమే మేతకు లేచును. మూడు వారములలో ఎంత బలమైన పెట్ట అయినను బరువు తగ్గును. ముందే చిక్కినది సగములో గుడ్లను విడిచి లేచిపోవును, లేదా గుడ్ల మీదనే రోగము తెచ్చుకొనును.

గుణము మాట. చేయి దగ్గరకు పోగానే ఈకలు పెంచి కొరకొరలాడు పెట్టను చూచి చాలామంది పొగరుబోతుదని వదలివేయుదురు. అది సరికాదు. కొరకొరలాడుట తల్లి లక్షణము. ముక్కుతో ఒక పోటు పొడిచినను పొడవనిండు. రాత్రి వేళ దాని క్రిందకు చేయి పోనిచ్చి చూడవలెను. లేచి పరుగెత్తక, మన చేతి మీదనే బరువు మోపి కూర్చుని, గొంతులో సన్నగా కూయుచున్నచో అది తల్లి పెట్ట. రొమ్ము క్రింద ఈకలు రాలి చర్మము వెచ్చగా తగులును. అరచి, రెక్కలు కొట్టి, గుడ్లను చిందరవందర చేయునది పనికిరాదు.

అసీలు పెట్టలు పిల్లల విషయములో మంచి తల్లులే. గద్దను సైతము ఎదిరించును. కాని బరువైనవి అగుటచే పలుచని పెంకు గల గుడ్లు వాని క్రింద పగులుట కద్దు. మరియు రెండు అసీలు తల్లులను ఒకే దొడ్డిలో ఉంచినచో వాని పోట్లాటలో పిల్లలు నలిగిపోవును. వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగు జాతులు హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థలో తయారైనవి. ఇవి సాధారణముగా పొదుగునకు కూర్చుండవు. వాని గుడ్లను నాటు పెట్ట క్రింద పెట్టి పొదిగించవచ్చును గాని, అవి సంకర జాతులు గనుక ఇంటిలో పుట్టిన పిల్లలలో తల్లి గుణములన్నియు అట్లే దిగునని ఆశించరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది పెట్ట పూర్వ చరిత్ర. పైన చెప్పిన అమ్మ ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు చూచినాము. ఎర్ర పెట్ట పదకొండు, చుక్కల పెట్ట పన్నెండు, నల్ల పెట్ట ఎనిమిది. అవి ఎన్ని పిల్లలైనవో చెప్పు గీతలు. రెండు నెలలకు ఎన్ని మిగిలినవి అని అడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, చుక్కల పెట్ట ఎప్పుడూ పిల్లల్ని ఎండలో దిబ్బల వెంట తిప్పి చంపుతుందనియు, నల్లది ఉన్న ఎనిమిదింటిలో ఆరింటిని నిలుపుతుందనియు చెప్పినది. గోడ మీద ఉండవలసినది ఆ రెండవ లెక్క. పన్నెండు చేసి మూడు నిలిపిన పెట్ట కంటె ఎనిమిది చేసి ఆరు నిలిపిన పెట్టయే తల్లి.

పొదుగు మాన్పించుట

తల్లిగా ఎన్నుకొనని పెట్ట పొదుగుకు వచ్చినప్పుడు మన పల్లెలలో దాని ముక్కు రంధ్రములలో ఈక గుచ్చుట, నీళ్ళలో ముంచుట, కాలు కట్టి ఎండలో పడవేయుట ఇంకను కలదు. ఇవి క్రూరమైన పనులు. పైపెచ్చు భయపడిన పెట్ట గుడ్లకు వచ్చుట ఇంకా ఆలస్యమగును. దాని రొమ్ము క్రింద వెచ్చదనము పోగొట్టుటయే అసలు కిటుకు. అడుగున సందులు గల వెదురు బుట్టను గాని, జల్లెడ తీగ అడుగు గల పెట్టెను గాని రెండు ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, క్రింద నుండి గాలి ఆడునట్లు చేసి, వెలుతురు గల చోట పెట్టను అందులో మూడు నాలుగు రోజులు ఉంచవలెను. గడ్డి వేయరాదు. మేత, నీరు మాత్రము నిండుగా ఇవ్వవలెను. నాలుగవ రోజున విడిచి చూచి, మరల గూటికే పరుగెత్తినచో ఇంకొక రెండు రోజులు ఉంచిన సరిపోవును. పొదుగుకు వచ్చిన మొదటి రోజుననే ఈ పని మొదలుపెట్టినచో త్వరగా మానును. వారము రోజులు చూచి తీరికగా మొదలుపెట్టినచో అంత త్వరగా మానదు.

గుడ్లు, పుంజు, సంక్రాంతి

గుడ్డు నుండి పిల్ల కావలెనన్న మందలో పుంజు ఉండవలెనని ఎవరికి తెలియదు? అయినను మాఘ మాసములో పొదగవేసిన గుడ్లు వట్టివయ్యెనని మొరపెట్టువారిని మేము ఏటేటా చూచుచున్నాము. సంక్రాంతికి పుంజులను అమ్ముకొందురు, లేదా కోసుకొందురు. పుంజు పోయిన పిమ్మట పది రోజుల వరకు, మహా అయిన రెండు వారముల వరకు పెట్ట పెట్టు గుడ్లలో జీవము ఉండవచ్చును. ఆ తరువాత పెట్టునవన్నియు వట్టి గుడ్లే. పెట్ట మాత్రము పాపము ఇరువది ఒక్క రోజులు నమ్మకముగా కూర్చుండును. కావున ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చొప్పున వీధికి ఒకటి రెండింటిని పండుగ తరువాత కూడ నిలుపుకొనవలెను. ఆ పుంజు అదే ఇంటి పెట్టకు పుట్టినది కాక వేరొక ఊరి నుండి తెచ్చినదైన మరీ మంచిది.

పొదగవేయు గుడ్లు చలికాలములో వారము రోజుల లోపలివి, ఎండకాలములో మూడు నాలుగు రోజుల లోపలివి కావలెను. దీనికి కారణము కలదు. సుమారు 21 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో గుడ్డులోని పిండము కొద్దికొద్దిగా పెరుగ నారంభించును. పెట్ట క్రింద ఉండు 37, 38 డిగ్రీల వేడి దానికి అందదు గనుక సగము పెరిగి చచ్చును. చైత్ర వైశాఖములలో మన ఇంటి అటక మీది వేడి ఎంతయో చెప్పనక్కరలేదు. వెడల్పు మూతి గల కుండలో తడి ఇసుక పోసి, దాని మీద పలుచని గోనె పరచి, సన్నని కొన క్రిందికి ఉండునట్లు గుడ్లను నిలిపి చీకటి మూలన ఉంచవలెను. గుడ్లను కడుగరాదు. కడిగినచో పెంకు మీది సహజమైన పొర పోయి క్రిములు లోనికి దిగును. మట్టి అంటిన వానిని పొడి గుడ్డతో తుడిచిన చాలును. మరీ పెద్దవి, మరీ చిన్నవి, వంకరవి, పెంకు గరుకుగా నున్నవి వంటకు వాడుకొనవలెను.

ఇక్కడ మేము చేసిన పొరబాటు ఒకటి చెప్పుకొనవలెను. ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక సంఘములోని ఆడవారికి మెరుగు జాతి గుడ్లు ఇప్పింతుమని మాట ఇచ్చి, నలుబది గుడ్లను పాల క్యానులో ఊకలో పెట్టి మోటారు సైకిలు మీద ముప్ఫై కిలోమీటర్లు తెచ్చినాము. ఒక్క గుడ్డు కూడ పగులలేదని గర్వపడినాము. ఆ రాత్రియే నాలుగు పెట్టల క్రింద పెట్టించినాము. నలుబదింటికి తొమ్మిది పిల్లలైనవి. ఆ ఆడవారు మమ్ములను ఏమియు అనలేదు గాని, తరువాత రెండు సంవత్సరముల వరకు ఆ ఊరిలో మేము చెప్పిన మాట ఏదియు సాగలేదు. కుదుపులకు లోనైన గుడ్లను లావు కొన పైకి ఉండునట్లు ఒక రోజంతా కదలక ఉంచి, లోపలి గాలి గది కుదురుకొన్న పిమ్మట మాత్రమే పెట్ట క్రింద పెట్టవలెనని మాకు అప్పుడు తెలియదు. దూరము నుండి గుడ్లు తెచ్చుకొనువారు దీనిని మరువరాదు.

గూడు అమర్చుట, కూర్చుండబెట్టుట

గూడునకు డబ్బు ఖర్చు లేదు. పాత వెదురు తట్ట గాని, పగిలిన కుండ అడుగు గాని చాలును. అడుగున పిడికెడు బూడిద, దాని మీద కొంత తడి మన్ను, దాని మీద నలిపిన వరిగడ్డి వేసి మధ్యన మూకుడువలె గుంట చేయవలెను. తడి మన్ను ఉన్నందున గుడ్లకు కావలసిన చెమ్మ అందును. గుంట మరీ లోతైనచో గుడ్లు ఒకదాని మీద ఒకటి పడును, మరీ చదునైనచో అంచులకు దొర్లి చల్లబడును. ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు గడ్డిలో కలుపవలెను. కోడి పేలకు మా చిన్నతనములో గమాక్సిన్ పొడి చల్లెడివారు. ఆ మందు మన దేశములో 1997లో నిషేధింపబడినది. ఇప్పటికిని కొన్ని అటకల మీద పాత పొట్లములు కనిపించుచున్నవి. వానిని వాడరాదు. కూర్చుండబెట్టుటకు ముందు పెట్టను రెండు రోజులు బూడిద కలిపిన పొడి మన్నులో పొర్లనిచ్చినచో చాలా పేలు అందులోనే పోవును. పేలు ఎక్కువగా ఉన్నచో పశువైద్యుని అడిగి మందు తీసుకొనవలెను. రాత్రులు పేలు కుట్టిన పెట్ట ఎంత మంచిదైనను గుడ్ల మీద నిలువదు.

ఎన్నుకొన్న పెట్ట పొదుగుకు రాగానే మంచి గుడ్లను దాని క్రింద పెట్టరాదు. రెండు పాత గుడ్లు పెట్టి, గుడ్లంత గుండ్రని సున్నపు రాళ్ళైనను సరే, రెండు మూడు రాత్రులు పరీక్షించవలెను. సంఘములో అందరి పెట్టలను ఒక తేదీకి తెచ్చుటకు కూడ ఇదే ఉపాయము. ముందు వచ్చిన పెట్టను ఈ పాత గుడ్ల మీద నాలుగైదు రోజులు నిలిపి ఉంచవచ్చును. అంతకు మించి నిలుపుట మంచిది కాదు.

అసలు గుడ్లను చీకటి పడిన తరువాత పెట్టవలెను. పగలు చోటు మార్చిన పెట్ట పాత చోటికే పోవును. చలికాలములో పది పన్నెండు, ఎండకాలములో ఎనిమిది తొమ్మిది గుడ్లు చాలును. బేసి సంఖ్యలోనే పెట్టవలెనని కొన్ని ఇళ్ళలో ఆచారము. దాని వలన నష్టమేమియు లేదు. ఉరుములకు గుడ్లు మురుగునని గడ్డిలో ఇనుప మేకును, బొగ్గును, ఎండు మిరపకాయను పెట్టుట కూడ కలదు. మేకు పెట్టిన పెట్టుకొనుడు గాని మొన పైకి ఉండకుండ చూచుకొనుడు. ప్రతి గుడ్డు మీద పెన్సిలుతో గుర్తు గీయవలెను. ఇతర పెట్టలు అదే గూటిలో గుడ్డు పెట్టి పోవుట సామాన్యము. గుర్తు లేని దానిని ఆ రోజే తీసివేయవలెను.

మేతగా జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న వంటి గట్టి గింజలే ఇవ్వవలెను. తడి తవుడు ఇచ్చినచో పలుచగా పారుకొని గూడును పాడు చేయును. మేత, నీరు గూటికి నాలుగు అడుగుల దూరములో ఉంచవలెను. పెట్ట రోజుకు పదిహేను ఇరువది నిమిషములు లేచి, తిని, పెంట వేసి, మన్నులో పొర్లి తిరిగి వచ్చును. ఆ కొద్ది సేపటిలో గుడ్లు చల్లారునని భయపడి పెట్టను గంప క్రింద మూసివేయువారు కలరు. అది తప్పు. లేవకుండ పట్టుదలగా కూర్చున్న పెట్టను మాత్రము రోజుకొకమారు మనమే మెల్లగా ఎత్తి బయట దింపవలెను. ఎత్తునప్పుడు రెక్కల క్రింద గుడ్లు ఇరుకుకొని ఉండును, ముందు వానిని సర్దవలెను.

ఏడవ నాటి పరీక్ష

ఏడవ రాత్రి గుడ్లను వెలుతురుకు పట్టి చూడవలెను. అట్ట ముక్కకు గుడ్డు కంటె చిన్నదిగా రంధ్రము చేసి, వెనుక టార్చి లైటు పెట్టి, చీకటి గదిలో లావు కొనను రంధ్రమునకు ఆనించి చూడుడు. మధ్యన నల్లని చుక్క, దాని నుండి సాలెగూడువలె ఎర్రని నరములు కనిపించినచో అది జీవము గల గుడ్డు. అంతయు తేటగా ఉన్నచో వట్టి గుడ్డు. ఎర్రని గీత ఉంగరమువలె చుట్టి ఉన్నచో పిండము చనిపోయినదని తెలియవలెను. ఈ రెండు రకములను తీసివేయవలెను. మురిగిన గుడ్డు గూటిలో పగిలినచో మిగిలిన గుడ్లు కూడ చెడును.

ఒకే రాత్రి పొదగవేయుట వలన రెండవ లాభము ఇక్కడ కనిపించును. మీ పెట్ట క్రింద పన్నెండింటిలో ఐదు, ప్రక్కింటి పెట్ట క్రింద పదింటిలో నాలుగు వట్టివని తేలినదనుకొనుడు. మిగిలిన పదమూడింటిని కొంచెము పెద్ద పెట్ట ఒక్కదాని క్రిందనే పెట్టి, రెండవ దానిని లేపి గుడ్లకు పంపవచ్చును. పిల్లలైన తరువాత ఎవరి వాటా వారికి. ఇంతకు మునుపు ఇటువంటి పంపకములలో తగవులు వచ్చినవి గనుక గుడ్ల మీది గుర్తును ఇంటికొక తీరున పెట్టుకొనుట మేలు.

పదునెనిమిదవ రోజు తరువాత గుడ్లను ముట్టరాదు. పిల్ల ముక్కుతో పెంకును పొడిచిన పిమ్మట పూర్తిగా బయటపడుటకు ఒక పగలు పట్టవచ్చును. తొందరపడి పెంకు ఒలిచినచో రక్తము కారి పిల్ల చచ్చును.

పిల్లల సంరక్షణ

పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి ఉండును గనుక మొదటి రోజు మేత అక్కరలేదు. రెండవ రోజు లోతు లేని మూకుడులో నీరు, గులకరాళ్ళు వేసి, ఇచ్చి ఆ తరువాత సన్నని నూకలు, రాగులు చల్లవలెను. తవుడు, వేరుశనగ చెక్క పొడి, కొద్దిగా మజ్జిగ కలిపిన ముద్ద మంచిది. చెదపురుగులను మించిన మేత లేదు. పాత కుండలో తడి గడ్డి, పేడ కలిపి నింపి చెదలు ఉన్న చోట సాయంకాలము బోర్లించి ఉంచినచో తెల్లవారుసరికి కావలసినన్ని చేరును. మొదటి రెండు వారములు తల్లిని గంప క్రింద ఉంచి, పిల్లలు మాత్రము వచ్చి పోవు సందు విడిచినచో అవి దూరము పోవు.

కొక్కెర తెగులు మొదటి టీకాను ఐదవ రోజు మొదలు ఏడవ రోజు లోపల కంటిలో గాని ముక్కులో గాని ఒక్క చుక్క వేయుదురు. ఆరు ఎనిమిది వారములలో రెండవ టీకా సూది ద్వారా, ఆ తరువాత మశూచి టీకా పశువైద్యుని సలహా ప్రకారము వేయించవలెను. మందును మంచు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవలెను. ఎండలో చేతిసంచిలో తెచ్చిన మందు చుక్క వేసినను వేయకపోయినను ఒకటే. పిల్లలు ఎన్ని ఉన్నవో, ఏ తేదీన పుట్టినవో ముందుగా ఆసుపత్రికి తెలియజేయు బాధ్యతను సంఘ కార్యదర్శి తీసుకొనవలెను. పొదగవేయు తేదీని పాల బిల్లు పంచు రోజున పెట్టుకొన్నచో ఎవరును మరువరు.

ఆరు వారముల వయసులో, రాత్రుల చలి లేనప్పుడు, పిల్లలను తల్లి నుండి వేరు చేసినచో తల్లి త్వరగా గుడ్లకు వచ్చును.

మొదట చెప్పిన సంఘములో ఆ మరుసటి కార్తీకము చివర, వానలు వెనుకపట్టిన పిమ్మట, బిల్లు పంచిన రాత్రి తొమ్మండుగురు సభ్యుల ఇళ్ళలో పదకొండు పెట్టలను కూర్చుండబెట్టినారు. ఎనుబది ఎనిమిది పిల్లలైనవి. ఆరవ రోజున సంఘ భవనము అరుగు మీద గంపలన్నిటిని వరుసగా పెట్టి, ఒక్క సీసాతో అన్నిటికీ చుక్కలు వేయించినారు. ఆ వారము మేము వెళ్ళలేకపోయితిమి. రెండు నెలల తరువాత వెళ్ళి ఇంటింటా లెక్క చూడగా డెబ్బది ఒకటి ఉన్నవి. ఆ అమ్మ నల్ల పెట్టను, ఎర్ర పెట్టను మాత్రమే కూర్చుండబెట్టినది. చుక్కల పెట్ట పొదుగు మాన్పించి గుడ్లు అమ్ముకొన్నది. పంతొమ్మిది పిల్లలకు పదిహేను మిగిలినవి. పోయిన నాలుగింటిలో రెండింటిని గద్ద ఎత్తుకుపోయినది, రెండు గేదె కుడితి తొట్టిలో పడినవి. ఆ తొట్టి మీద ఇప్పుడు పాత తలుపు చెక్క ఒకటి కప్పి ఉన్నది.